నా వైపు తలుపు

సెప్టెంబర్ 8

ఎలీజియో మళ్లీ ఫోన్ చేశాడు. ఫియొరెంజా తమ్ముడు కదా, మాట్లాడే ముందు ఆమెలాగే ఒకసారి దగ్గుతాడు. మూడు బండ్లూ తాను కార్లు అమ్మే షెడ్డులో పక్కకి పెట్టి ఉంచాడట.

"అక్క చూసి పెట్టుకున్నవి బావా. నువ్వు ఏదో ఒకటి తేల్చేదాకా ఎవరికీ చూపించను. కానీ నేనంటే ఆగుతాను, మంచు ఆగదు కదా."

ఆలోచిస్తానన్నాను.

ఆలోచించడానికి ఏమీ లేదు. ఆస్పత్రిలో ఆమె స్పష్టంగానే చెప్పింది. మూడింట్లో ఒక బండి కొను, కొల్మా కొండ దారి మంచుకి మూసేలోపు ఒకసారి పైదాకా వెళ్లు. ఏది కొనాలో చెప్పలేదు. అడగబోయాను. నర్సు వచ్చింది. మళ్లీ అడిగే వీలు రాలేదు.

ఆమెకు ఏది నచ్చిందో తెలిస్తే చాలు. అదే కొంటాను.

సెప్టెంబర్ 9

వాన.

సెప్టెంబర్ 11

రొట్టె కోసం కిందికి వెళ్లాను. గౌదెంజియో బార్ పక్కన, చావు కబుర్లు అతికించే గోడ మీద ఆమె కాగితం ఇంకా ఉంది. జూన్‌లో వేసింది. సగం మీద ఇంకెవరిదో వేశారు. ఇప్పుడు ఆమె పేరులో మొదటి రెండక్షరాలు కనబడతాయి, పక్కన నల్ల అంచు.

చించేయడమా, ఉంచడమా తేలలేదు. రొట్టె తీసుకుని వచ్చాను.

సెప్టెంబర్ 15

మార్చిలో పాత కూపే కారుని అమ్మేశాం. ఏళ్ల తరబడి కొండ పోటీల్లో అందులోనే తిరిగాం. ఆమె నడిపేది, నేను పక్కన కూర్చుని, మలుపులు రాసుకున్న కాగితం పలక మీద పెట్టుకుని, ఆమెకి దారి చదివేవాణ్ణి. "దీంట్లోకి ఎక్కాలంటే జాకీ కావాలి, దిగాలంటే ఫాదరు గారి దీవెన కావాలి" అంది అమ్మే రోజు.

పోటీలు చాలంది. ఇక ఊరికే నడుపుతాను, నడపడంలో హాయి కోసమే, అంది. చిన్నది కావాలి, తేలికది కావాలి, చేతి మాట వినేది కావాలి. తన మందుల షాపు మూసి వచ్చి, వంటింటి బల్ల మీద కార్ల పత్రికలు పరిచి, తింటూ చదివేది. మొక్కజొన్న పొలెంటా మరకలు ఇప్పటికీ వాటి మీద ఉన్నాయి. చివరికి మూడు మిగిలాయి.

టురిన్ వాళ్లది. తెల్లది, బుడ్డది, గొంతు పెద్దది. ఏప్రిల్లో నడిపి దిగి, "కుక్కపిల్ల తానే సింహం అనుకుంటోంది" అంది. అది మెచ్చుకోవడమే.

జపాన్ వాళ్లది. బూడిద రంగు. రెండే సీట్లు, మడిచేసే గుడ్డ కప్పు. వెనక చక్రాలు తోస్తాయి. అది నడిపి దిగి ఏమీ అనలేదు. కాసేపు బానెట్ మీద చెయ్యి వేసి నిలబడింది.

ఫ్రెంచి వాళ్లది. పసుపుది, కొంచెం పాతది. అది నడపాల్సిన వారమే ఆస్పత్రికి తీసుకెళ్లాం.

మెచ్చుకున్నది ఒకటి, మాట్లాడనిది ఒకటి, నడపనిది ఒకటి. టెక్నికల్ స్కూల్లో సర్వే పాఠాలు చెప్పి రిటైరయ్యాను. తెలిసిన రెండు చోట్ల నుంచి తెలియని మూడో చోటుని పట్టుకోవడం పిల్లలకి నేర్పాను. ఇది పట్టుబడటం లేదు.

సెప్టెంబర్ 21

ఎలీజియో తెల్లదాని తాళం నా చేతికివ్వబోయాడు.

"నువ్వు నడుపు. నేను గమనిస్తాను" అన్నాను.

నా వంక ఒకసారి చూసి ఎక్కాడు. నదిగట్టు దారిలో వెళ్లి వచ్చాం.

టురిన్ వాళ్లది: సీటు కాస్త ఎత్తు. మోకాళ్ల మీద పలక పెట్టుకుంటే ఏదీ అడ్డు రాదు. పాదాలు తన్నిపెట్టడానికి చోటుంది. మలుపులో తల కుదురుగా ఉంటుంది. చప్పుడెక్కువ, అరిచి చదవాలి. మొత్తానికి మంచి బండి.

సెప్టెంబర్ 28

ఫ్రెంచి వాళ్లది: పట్టుకోవడానికి పైన పిడి లేదు. తలుపు జేబులో రెండు పెన్సిళ్లు పడతాయి. కిటికీ అంచు పల్లం, వెలుతురు బాగా వస్తుంది.

సెప్టెంబర్ 29

తెల్లవారుతుండగా కల. ఏమీ జరగలేదు అందులో. ఆమె చేతి తొడుగులు వెతుకుతోంది, నేను అరలు తీసి చూస్తున్నాను, అంతే.

అక్టోబర్ 5

జపాన్ వాళ్లది. ఎండగా ఉందని ఎలీజియో కప్పు తీసేశాడు.

ఏప్రిల్లో ఆమె నడిపినప్పుడూ తీసే ఉంది. అలవాటు కొద్దీ నా పలక తీసుకెళ్లాను. వంతెన దాటగానే కాగితం ఎగిరిపోయింది. ఆపు ఆపు అన్నాను. ఆపలేదు. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది, బండి మాత్రం గీత తప్పలేదు.

జపాన్ వాళ్లది: కాగితం నిలవదు. పనికిరాదు.

షెడ్డుకి వచ్చాక ఎలీజియో ఇంజను ఆపి, దిగకుండా కూర్చున్నాడు.

"ఎలా ఉంది?"

చెప్పాను.

"ఏ కాగితం బావా?"

నేను బెల్టు విప్పుకున్నాను.

"స్టీరింగు ఎలా ఉందని అడగలేదు నువ్వు. గేరు ఎలా పడుతోందో అడగలేదు. బ్రేకు సంగతి అడగలేదు. మూడు బండ్లెక్కి మూడు కుర్చీలు చూసి దిగావు. కుర్చీయే కావాలంటే ఫర్నిచర్ షాపుకి వెళ్లు, నా షెడ్డుకెందుకు?"

తర్వాత గొంతు తగ్గించాడు. "నడిపేదెవరు? అక్క నీతో ఏం చెప్పింది అసలు?"

"బండి కొనమంది. పైకి వెళ్లమంది."

"అంతేనా?"

"అంతే."

అక్టోబర్ 6

అంతే కాదు.

"ఒకసారి పైకి వెళ్లు. నువ్వే నడుపు. ఎలీజియోకి ఇవ్వకు, వాడు బ్రేకుల్ని బతకనివ్వడు" అంది. నాకు రాదన్నాను. "కూరగాయలకి నడుపుకుంటూ వెళ్తావుగా" అంది. "అది నడపడం కాదని నువ్వే అంటావు కదా" అన్నాను.

"కాదు. అయినా నువ్వే" అంది.

అప్పుడు వచ్చింది నర్సు.

అక్టోబర్ 12

ఎలీజియో ఊళ్లో లేడు. తాళాలు గూట్లో ఉంటాయి, నీ ఇష్టం వచ్చినప్పుడు తీసుకో అన్నాడు. ఈరోజు ఒక్కణ్ణే వెళ్లాను. బూడిద రంగుదాని తాళం తీసుకున్నాను. తలుపు తీసి కూర్చున్నాను. బెల్టు పెట్టుకున్నాను.

షెడ్డు గుమ్మంలో పావురాలు తిరుగుతున్నాయి. వాటిని చూస్తూ కూర్చున్నాను. ఆమె చేతి తొడుగులు వేసుకుని వచ్చేదాకా నేనెప్పుడూ ఇలాగే కూర్చునేవాణ్ణి. చాలాసేపటికి తెలిసింది, నా ముందు స్టీరింగు లేదు. నా వైపు తలుపే తీసి, నా చోటే కూర్చున్నాను. తాళం నా చేతిలోనే ఉంది.

దిగి ఇంటికి వచ్చేశాను.

అక్టోబర్ 13

ఇది ఎలీజియోకి చెప్పనక్కర్లేదు.

అక్టోబర్ 19

గౌదెంజియో బార్‌లో కాఫీ. ఎలీజియో నోరు ఊరుకోదు, అందరికీ తెలిసిపోయింది.

"తేలిందా మాస్టారూ?" అన్నాడు గౌదెంజియో, కప్పు ముందు పెడుతూ. "టురిన్‌ది తీసుకోండి. మన బండి."

పోస్టాఫీసులో పనిచేసిన తాన్‌క్రేది పేపరు మడిచాడు. "మనది అని ఎక్కితే సరా? వెనక చక్రాలు తోస్తేనే అది బండి. ముందు చక్రాలు లాగేదాన్ని ఎద్దుబండి అంటారు."

"నువ్వు చెప్పాలి. జన్మలో నువ్వు తోసింది నీ స్కూటరొక్కటే. అదీ పెట్రోలు అయిపోయి."

"పెట్రోలు కాదు, ప్లగ్గు."

"ప్రతి ఆదివారం ప్లగ్గేనా?"

నవ్వారు. నేనూ నవ్వాను. తాన్‌క్రేది ఊపులో ఉన్నాడు. "అయినా ఈ వయసులో రెండు సీట్ల బండేంటి మాస్టారూ? రెండోదాంట్లో ఎవర్ని..."

ఆగిపోయాడు. గౌదెంజియో అవసరం లేకపోయినా కాఫీ యంత్రం ఆవిరి వదిలాడు. అది చాలాసేపు బుస కొట్టింది.

"తప్పుగా అనుకోకండి" అన్నాడు తాన్‌క్రేది.

"మంచి ప్రశ్నే" అన్నాను. నిజంగానే మంచి ప్రశ్న.

బయటికి వస్తుంటే గోడ చూశాను. ఇప్పుడు మొదటి అక్షరం ఒక్కటే మిగిలింది.

అక్టోబర్ 20

ఎలీజియోకి ఫోన్ చేసి, నేర్పమన్నాను. ఏం నేర్పాలని అడగలేదు.

అక్టోబర్ 26

వారమంతా నడిపాను. ఎలీజియో నా చోట కూర్చుంటున్నాడు. మొదటి రోజు సిగ్నల్ దగ్గర రెండుసార్లు ఇంజను ఆపేశాను, వెనకవాళ్లు హారన్లు.

"పరీక్ష పేపర్లు దిద్దుతున్నట్టు నడుపుతున్నావు బావా. తప్పు దొరికితే గానీ ముందుకు కదలవు."

"నువ్వు బ్రేకుల్ని బతకనివ్వవట."

"అక్క అందా? చనిపోతూ కూడా నా మీద చాడీలే."



పసుపుది తేలిక. మలుపులో తోక కాస్త లేపుతుంది, భయపెట్టదు. తెల్లది గంతులేస్తుంది, పక్కన ఎవరైనా ఉంటే నవ్వు ఆగదు. బూడిద రంగుదాంట్లో గేరు మణికట్టుతోనే పడుతుంది, చెయ్యి కదలనక్కర్లేదు. నది దగ్గర మలుపులో వెనక చక్రాలు నడుము కింద నుంచి నెమ్మదిగా తోశాయి. "బండి వీపుతో మాట్లాడుతుంది" అనేది ఆమె. గొప్పలనుకునేవాణ్ణి.

అయినా తెల్లదే సరైనదనిపిస్తోంది. కప్పు ఉంటుంది. ఎవరైనా పక్కన కూర్చుని చదువుకోవచ్చు.

దిగేటప్పుడు ఎలీజియో నా చోటి సీటు బెల్టు విప్పి, జాగ్రత్తగా దాని చోట పెట్టాడు. "అక్క నన్ను ఒక్కసారి కూడా ఇటు కూర్చోనివ్వలేదు తెలుసా? అది బావ చోటురా అనేది. పదేళ్లప్పుడు నా సైకిలు తీసుకున్నది మాత్రం గుర్తులేదు ఆవిడకి."

నవంబర్ 2

సమాధుల పండుగ. శ్మశానం నిండా చేమంతులు. ఊరంతా అక్కడే ఉంది. గోడలో ఆమె సమాధి అర పై వరసలో ఉంది, నిచ్చెన కోసం వరసలో నిలబడాల్సి వచ్చింది.

రాతి మీద ఫొటో ఒక పోటీ రోజున తీసింది. కూపే పక్కన నిలబడి ఉంది. నన్ను కత్తిరించారు గానీ పూర్తిగా కాదు. ఆమె భుజం పక్కన నా మోచెయ్యి, దాని కింద పలక మూల కనబడతాయి.

కొల్మా దారిలో పైనుంచి రెండో హెయిర్‌పిన్ మలుపు గుర్తొచ్చింది, ఎందుకో. కొల్మా ఎక్కేటప్పుడు, పోటీలో అయినా ప్రాక్టీసులో అయినా, ఆ మలుపులో మాత్రం "బాగున్నారా మీరిద్దరూ" అనేది. చాలా మెల్లగా, హెల్మెట్లో ఉన్న ఇయర్‌ఫోన్‌లో నాకు వినబడేది. దారి పక్క గూట్లో మరియమ్మ, బాల యేసు ఉన్నారనుకున్నాను. క్రిస్మస్‌కి తప్ప చర్చికి వెళ్లని మనిషి. ఒకసారి అడిగాను.

"ఎవర్ని పలకరిస్తావు అక్కడ?"

"తలెత్తి చూడు."

"తలెత్తితే తర్వాతి మలుపు ఎవరు చెప్తారు?"

"సరే అయితే, చూడకు" అంది.

చూడలేదు. ఆ దారిలో మేం మామూలుగా ఎప్పుడూ వెళ్లలేదు. మొదటిసారి మెల్లగా ఎక్కినప్పుడు ఆమె ప్రతి మలుపూ చూసి చెప్పేది, నేను వంగి రాసేవాణ్ణి. తర్వాత నేను వంగి చదివేవాణ్ణి, ఆమె నడిపేది. పైకి చేరాక అవతలి వైపు నుంచి దిగిపోయేవాళ్లం. ఆ కొండ నాకు ఆమె మాటల్లోనే తెలుసు.

నవంబర్ 4

ఈ వారాంతంలో పైన మంచు అని రేడియో.

నవంబర్ 6

పొద్దున్నే షెడ్డుకి వెళ్లాను. ఎలీజియో తెల్లదాని తాళం తీశాడు.

"అది కాదు. బూడిద రంగుది."

"కాగితం నిలవదన్నావు కదా?"

"అందుకే" అన్నాను.

తాళం ఇచ్చాడు. తానే కప్పు మడిచాడు. టోపీ కూడా ఇచ్చాడు, తనది. "నేను రావాలా?"

"వద్దు."

"బ్రేకు..."

"తెలుసు."

ఆమె వైపు తలుపు తీసి కూర్చున్నాను.

పలక తీసుకెళ్లలేదు. అవసరం లేదు, కొల్మా అంతా నోటికి వచ్చు. చివరి ఇళ్లు దాటగానే నాకు తెలియకుండానే మొదలుపెట్టాను. కుడి నాలుగు. ఎడమ మూడు, పొడుగు. అంకె తగ్గేకొద్దీ మలుపు బిగుసుకుంటుంది. కుడి రెండు, రాయి జాగ్రత్త. గాలికి నా గొంతు నాకే సరిగా వినబడటం లేదు. అయినా ఆ చదవడంలో ప్రాణానికి ఎంత హాయిగా ఉందో. పక్కన వినే మనిషి ఉన్నట్టే ఉంది.

మూడో మలుపు దగ్గరే పొరపాటు జరిగింది. దారి చదివేవాడు ఎప్పుడూ ఒక మలుపు ముందుంటాడు. బండి ఈ మలుపులో ఉండగా వాడు తర్వాతిది చెప్పాలి. చెప్పాను. నా చేతులు నా మాట విన్నాయి. ఉన్న మలుపుకి కాకుండా, చెప్పిన మలుపుకి స్టీరింగు తిప్పాను. గోడ రాళ్లు తలుపు పక్కకి వచ్చేశాయి. బ్రేకు. ఇంజను ఆగిపోయింది. అడ్డంగా, దారి మధ్యలో.

ఎవరూ రాలేదు. అలాగే కూర్చున్నాను. కింద ఎక్కడో ఆవు మెడ గంట. ఇన్నేళ్లూ నేను ఆమెతో పాటు ఒకే చోట ఉన్నాననుకున్నాను. ఒక మలుపు అవతల ఉన్నాను. ఈ మలుపులో ఆమె ఒక్కతే ఉండేది.

బండి సరిచేసుకున్నాను. ఇక నోరు తెరవలేదు.

చదవడం ఆపితే దారి కనబడటం మొదలైంది. "ఎడమ నాలుగు, చెట్ల కింద తడి" అని నేను చదివేది చెస్ట్‌నట్ తోట. ఆకులు రాగి రంగులో దారి మీద పరుచుకుని ఉన్నాయి. "కుడి మూడు, తెల్ల గోడ" ఒక ఇల్లు. కిటికీలో జెరేనియం కుండీలు, ఒక పెద్దావిడ దుప్పటి దులుపుతోంది. మొదటి హెయిర్‌పిన్ దగ్గర లోయ విచ్చుకుంది. అడుగున బియెల్లా పట్టణం, మిల్లు పొగగొట్టాలు, వాటి పక్కన మా స్కూలు పైకప్పు. ఇవన్నీ నాకు అంకెలు. ఆమె ఎప్పుడూ చెప్పలేదు. చెప్పడానికి నేనెక్కడ వీలిచ్చాను, ప్రతి క్షణం నేనే మాట్లాడుతుంటే.

బండి చక్కగా ఎక్కింది. అది రాయాలి. రెండో గేరులో, తొందర లేకుండా, ప్రతి మలుపులో వీపుకి ఏదో ఒకటి చెబుతూ. ఒకచోట నేను నవ్వాను.

పైనుంచి రెండో హెయిర్‌పిన్ దగ్గర బండి నెమ్మది చేశాను. మరియమ్మ గూడు కోసం చూశాను. లేదు. గోడ, గడ్డి, ఒక తుప్పు పట్టిన స్తంభం. స్తంభం మీద, ఎదురొచ్చే బండ్లు కనబడటానికి పెట్టే గుండ్రటి అద్దం. చాలా పాతది, అంచు ఎర్ర రంగు రాలిపోయింది.

మలుపు మధ్యకి వచ్చేసరికి అద్దం నిండా నా బండే ఉంది. చిన్నగా, ఉబ్బెత్తుగా, బూడిద రంగులో. స్టీరింగు వెనక ఎలీజియో టోపీ పెట్టుకున్న ముసలివాడు. వాడి పక్కన సీటు.

ఆపాను. చాలాసేపు ఆపాను.

అందులో ఆమెకి ఏం కనబడేదో ఇప్పుడు తెలుసు. కూపే, తాను, పక్కన పలక మీద వంగిన ఒక హెల్మెట్. ఎప్పుడూ వంగే ఉండేది.

నేను తలెత్తి ఉంటే ఇద్దరం ఒకరినొకరం చూసుకునేవాళ్లం. అర సెకను.

"బాగున్నారా" అందామనుకున్నాను. తర్వాతి మాట రాలేదు.

పైదాకా వెళ్లాను. వచ్చేటప్పుడు అవతలి వైపు దిగలేదు. ఇదే దారిలో దిగాను.

నవంబర్ 7

ఎలీజియోకి చెప్పాను, బూడిద రంగుది. ఎందుకని అడగలేదు.

"దారి ఎలా ఉంది బావా?"

"బాగుంది. ఈసారి చూశాను."

దగ్గాడు. తర్వాత ఫోన్ పెట్టేశాడు.

నవంబర్ 9

పైన మంచు పడింది. కొల్మాకి గేటు వేసేశారు, ఇక వసంతంలోనే తీస్తారు.

బార్ పక్క గోడ అంతా తడి. ఆమె కాగితం మీద ఇంకొకటి పూర్తిగా వచ్చేసింది.

బండి వాకిట్లో ఉంది. కాసేపు ఇంజను వేడెక్కనిద్దామని వెళ్లాను. ఆలోచించకుండానే ఆమె వైపుకి నడిచాను. కూర్చున్నాక గమనించాను. దానికి సంతోషించాలో లేదో తెలియలేదు.

ఇంజను ఆపి, దిగి, చుట్టూ తిరిగి వెళ్లి నా వైపు తలుపు తీశాను. మళ్లీ వేశాను. వాడకపోతే కీళ్లు బిగుసుకుపోతాయి. అప్పుడప్పుడు తీసి వేస్తూ ఉండాలి.